ఐరిష్ సంప్రదాయ సంగీత కచేరీకి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

డబ్లిన్‌కి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లని ఏడాదికి నాలుగైదుసార్లయినా ఐరిష్ సంగీతం వినడానికి తీసుకెళ్తుంటాను. బస్సెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా అవే ప్రశ్నలు. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ టైప్ చేసి చేసి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసేశాను. వరసగా చదవక్కర్లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## టికెట్ కొనకముందు

ఐరిష్ మ్యూజిక్ అంటే ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని బల్లలు చరుస్తూ పాడే పాటలేనా?

అవీ ఉన్నాయి, కానీ అది వేరే కొమ్మ. గిటార్ పట్టుకుని జనం చేత కోరస్ పాడించేవాటిని బ్యాలడ్స్ అంటారు. టూరిస్టులు తిరిగే టెంపుల్ బార్ వీధుల్లో ఎక్కువగా వినిపించేవి అవే. ఇక్కడి సంగీతకారులు 'ట్రాడ్' అని పిలుచుకునేది చాలావరకు డాన్సు కోసం పుట్టిన వాద్య సంగీతం. ఫిడిల్ (అంటే వయొలినే), చెక్క ఫ్లూట్, టిన్ విజిల్ (రేకు పిల్లనగ్రోవి), కాన్సర్టినా (రెండు చేతుల మధ్య సాగదీసి నొక్కే చిన్న పెట్టె), బటన్ అకార్డియన్, ఇలియన్ పైప్స్ (తిత్తితో గాలి కొట్టే గొట్టాల వాద్యం) మీద వాయిస్తారు, మాటలుండవు. ఇంకో సంగతి: వాద్యం మీద వాయించేదాన్ని వాళ్లు 'ట్యూన్' అంటారు, మాటలుంటేనే 'సాంగ్'. "ఆ సాంగ్ భలే వాయించారు" అన్నారంటే మీరు కొత్తవాళ్లని ఇట్టే తెలిసిపోతుంది. కొంపేం మునగదు, నవ్వుకుంటారంతే.

కచేరీ, సెషన్, కేలీ... మూడూ ఒకటేనా?

కాదు. కేలీ అంటే డాన్సు కార్యక్రమం, బ్యాండు వాయించేది కాళ్ల కోసం. సెషన్ అంటే పబ్బులో ఒక బల్ల చుట్టూ కూర్చుని సంగీతకారులు తమకోసం తాము వాయించుకోవడం. వాళ్ల వీపు మీవైపు ఉన్నా ఏమీ అనుకోకూడదు. కచేరీలో మాత్రం టికెట్, స్టేజీ, మైకులు, మధ్యలో విరామం ఉంటాయి.

ఈ మూడింటిలో పాతది అనిపించే పబ్ సెషన్ నిజానికి అంత పాతదేం కాదు. అంతకుముందు ఈ సంగీతం పల్లెటూళ్లలో వంటింటి పొయ్యి దగ్గర, నాలుగు దారులు కలిసేచోట డాన్సుల్లో ఉండేది. 1935లో పబ్లిక్ డాన్సులకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. దాన్ని చూపించి కొన్నిచోట్ల చర్చి ఫాదర్లు, పోలీసులు ఇళ్లలో జరిగే డాన్సుల్ని కూడా ఆపించారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌కి కూలికెళ్లిన ఐరిష్ వాళ్లకి అద్దె గదుల్లో వాయించుకునే చోటు లేక పబ్బుల్లో చేరారు. ఆ అలవాటు తర్వాత ఐర్లాండ్‌కి తిరిగొచ్చింది.

కూర్చుని వినే కచేరీకి ఇప్పుడున్న రూపం రావడంలో షాన్ ఓ రీదా అనే స్వరకర్త పాత్ర పెద్దది. 1960 ప్రాంతంలో ఆయన క్యోల్‌తోరీ కూలన్ అనే బృందాన్ని కూర్చాడు. అందరూ ఒకేసారి మోగించే కేలీ బ్యాండు పద్ధతి వదిలి, కాసేపు ఒక్క ఫ్లూట్, కాసేపు రెండు ఫిడిళ్లు, ఆ తర్వాత అందరూ, అలా మార్చి మార్చి వాయింపించాడు. ఆ బృందంలోని పైపర్ (ఇలియన్ పైప్స్ వాయించే మనిషి) ప్యాడీ మొలోనీయే 1962లో ద చీఫ్టెన్స్ అనే బృందం మొదలుపెట్టాడు.

ఎప్పుడు, ఎక్కడికెళ్తే మంచిది?

డబ్లిన్‌లో పెద్ద హాలు కావాలంటే ఎర్ల్స్‌ఫోర్ట్ టెర్రస్‌లోని నేషనల్ కాన్సర్ట్ హాల్. సెషన్ కావాలంటే స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ పబ్. 2021లో దాని చుట్టూ, పైన హోటల్ కట్టే ప్రతిపాదన వస్తే జనం వాద్యాలు పట్టుకుని వీధిలోకొచ్చారు, సిటీ కౌన్సిల్ ఆ ప్లాన్‌కి అనుమతి ఇవ్వలేదు. నా ఓటు మాత్రం క్లేర్ కౌంటీకి. జూలైలో మిల్‌టౌన్ మాల్బే అనే చిన్న ఊళ్లో విల్లీ క్లాన్సీ సమ్మర్ స్కూల్ జరుగుతుంది. 1973లో చనిపోయిన ఆ పైపర్ పేరు మీద అదే ఏడాది మొదలైంది. ఆగస్టులో ఫ్లా ఖ్యోల్ ఉంటుంది. 1951లో మల్లింగర్‌లో మొదలైన ఈ పండగ ఊళ్లు మారుతూ జరుగుతుంది. పోటీలు లోపల జరుగుతుంటాయి, వీధుల్లో వినేది అంతా ఉచితం. ఆ వారం గది దొరకడం కష్టం, ముందే చూసుకోండి.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? మేం మందు తాగం, ఏమైనా అనుకుంటారా?

హాల్లో కచేరీకి నిరభ్యంతరంగా. పబ్బుకైతే చట్టం ఉంది: పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు రాత్రి 9 తర్వాత బార్‌లో ఉండకూడదు, మే నుంచి సెప్టెంబరు వరకు 10 దాకా ఉండొచ్చు. పదిహేనేళ్ల లోపు పిల్లలైతే పక్కన పెద్దవాళ్లుండాలి. చాలా సెషన్లు రాత్రి తొమ్మిదిన్నరకి మొదలవుతాయి కాబట్టి పిల్లలున్నవాళ్లు ఆదివారం మధ్యాహ్నం సెషన్ వెతుక్కోవడం నయం. తాగకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. వాయించేవాళ్లలోనే టీ కప్పు ముందు పెట్టుకున్నవాళ్లు కనిపిస్తారు. కాకపోతే ఏదో ఒకటి కొనండి, ఊరికే రెండు గంటలు కూర్చోవడం మర్యాద కాదు. సిగరెట్ పొగ భయం అక్కర్లేదు, 2004 నుంచి లోపల నిషేధం.

ఏం వేసుకెళ్లాలి?

వాన కోటు. మిగతాది మీ ఇష్టం.

## లైట్లు తగ్గాక

వీళ్లలో మెయిన్ ఎవరు? పక్కవాద్యాలు ఎవరివి?

మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. కచేరీ అనగానే మధ్యలో గాత్రం, ఇటు వయొలిన్, అటు మృదంగం అని మన కళ్లు అలవాటు పడిపోయాయి. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. ఫిడిల్, ఫ్లూట్, పైప్స్, కాన్సర్టినా అన్నీ ఒకే ట్యూన్‌ని ఒకేసారి వాయిస్తాయి. ఒకరు పాడితే ఇంకొకరు అనుసరించడం ఉండదు. గిటార్, బుజూకీ (పొడవాటి మెడ ఉన్న తీగల వాద్యం), బౌరాన్ (డప్పులాంటి వాద్యం) మాత్రం కింద నుంచి ఆసరా ఇస్తాయి. పేరున్న ఫిడ్లర్ ఉన్నా పావుగంటసేపు ఆయనొక్కడికే వదిలేసి మిగతావాళ్లు చేతులు కట్టుకు కూర్చోరు.

అలాగని అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండదు. ఫ్లూట్ ఆయన ఊపిరి తీసుకోవడానికి ఒక స్వరం వదిలేస్తాడు, సరిగ్గా అక్కడ ఫిడిల్ ఆవిడ చిన్న మెలిక పెడుతుంది. రెండోసారి ఆ చోటికొచ్చేసరికి ఆ మెలిక ఫ్లూట్‌లోకి వచ్చేస్తుంది. ఒకే దారిలో నడుస్తున్న నలుగురి అడుగులు వేరువేరుగా పడుతున్నట్టుంటుంది. చెవి ఒక్కటే చాలదు, కళ్లు కూడా వాడండి. కిందటి చలికాలం నేను చూసిన కచేరీలో కాన్సర్టినా అమ్మాయి చూపు చివరిదాకా తన వేళ్ల మీద లేదు, పక్కనున్న ఫిడ్లర్ మోచెయ్యి మీదే ఉంది. అతని బో (కమాను) ఎప్పుడు తిరుగుతుందో ఆ మోచెయ్యే ముందు చెబుతుంది.

అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయి, తేడా ఎలా తెలుస్తుంది?

మొదటి అరగంట అందరికీ అంతే. రాగం కోసం వెతక్కండి, లయ పట్టుకోండి. నోటితో తకధిమి తకధిమి అనుకుంటే సరిపోతే అది రీల్. తకిట తకిట అంటే కుదిరితే జిగ్. తకిట మూడుసార్లకి ఒక చుట్టు పూర్తయితే స్లిప్ జిగ్, నా చెవికి అన్నింటికన్నా అందంగా వినిపించేది అదే. తకధిమి నడకే కాస్త కుంటుతూ, తాపీగా వస్తే హార్న్‌పైప్. తక తక అని చురుగ్గా గెంతితే పోల్కా. ఈ పోల్కాలకు పుట్టిల్లు లాంటిది కార్క్, కెర్రీ కౌంటీల సరిహద్దులోని స్లీవ్ లూక్రా ప్రాంతం.

ప్రాంతాన్ని బట్టి యాస కూడా మారుతుంది. గోదావరి మాటకీ చిత్తూరు మాటకీ ఉన్నంత తేడా ఉంటుంది. ఉత్తరాన డోనెగల్ ఫిడ్లర్లు బో విడివిడిగా, గట్టిగా లాగుతారు, స్కాట్లాండ్ గాలి తగిలిన వాయింపు. తూర్పు క్లేర్‌లో నెమ్మది, ఏదో బెంగ.

ఎక్కడ చప్పట్లు కొట్టాలి?

సెట్ పూర్తయ్యాక. ఒక ట్యూన్‌లో సాధారణంగా రెండు భాగాలు, ఒక్కొక్కటీ 8 బార్లు (ఇక్కడ బార్ అంటే పబ్బు కాదు, తాళంలో ఒక ఆవర్తం). ప్రతి భాగాన్నీ రెండుసార్లు వాయిస్తారు కాబట్టి మొత్తం 32 బార్లు. రీల్ అయితే ఒక చుట్టు ముప్పై అయిదు, నలభై సెకన్లలో అయిపోతుంది. దాన్నే రెండుమూడుసార్లు తిప్పి, ఆగకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు. అలా రెండు మూడు ట్యూన్లు కలిస్తే సెట్. నా మొదటి కచేరీలో ట్యూన్ మారిన చోట అయిపోయిందనుకుని ఆ హాలంతటికీ నేనొక్కణ్నే చప్పట్లు కొట్టాను. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి జాలిగా చూసింది.

ట్యూన్ మారే ఆ క్షణంలో చప్పట్లకి బదులు "హప్" అని ఒక కేక వినిపిస్తే ఆశ్చర్యపోకండి, అది మెచ్చుకోలు. మనవాళ్లు భళా అన్నట్టే. తాళానికి చప్పట్లు కలపడం మాత్రం మానుకోండి. వందమంది కొట్టే చప్పట్లు లయని లాగేస్తాయి, వేదిక మీద వాళ్లకది నరకం.

ముందు స్వరాల కాగితం కూడా లేదు. ఎన్ని రోజులు రిహార్సల్ చేస్తారు?

పేరున్న బృందాలు చేస్తాయి. కానీ అసలు రహస్యం రిహార్సల్‌లో లేదు, అందరికీ తెలిసిన ట్యూన్లు వేలల్లో ఉండటంలో ఉంది. షికాగో పోలీస్ చీఫ్‌గా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ అనే ఐరిష్ వలసదారు 1903లో వేసిన ఒక్క సంకలనంలోనే 1,850 ట్యూన్లున్నాయి. అమెరికాలో స్థిరపడ్డ స్లైగో ఫిడ్లర్ మైకేల్ కోల్‌మన్ 1920ల్లో న్యూయార్క్‌లో ఇచ్చిన గ్రామఫోన్ రికార్డులు ఓడలెక్కి ఐర్లాండ్ చేరాయి. ఇంటింటా విన్నారు, ఆయన కలిపిన సెట్లనే ఇప్పటికీ అదే వరసలో వాయిస్తారు. అందుకే ముక్కూమొహం తెలియని ఇద్దరు ఎదురుపడినా ఒకరు రెండు బార్లు వాయించేసరికి రెండోవాళ్లు అందుకుంటారు. తర్వాతి ట్యూన్‌కి సైగ ఒక చూపు, ఎత్తిన కనుబొమ్మ, లేదా "జి!" అని శ్రుతి పేరు. అంతే.

చంకలో తిత్తి పెట్టుకుని వాయిస్తున్నారు, అదేంటి? నోటితో ఊదట్లేదేం?

ఇలియన్ పైప్స్. ఐరిష్‌లో ఇలియన్ అంటే మోచేతికి సంబంధించినది. కుడి మోచేతి కింద చిన్న కొలిమితిత్తి లాంటిది కట్టుకుంటారు, అది గాలి కొడుతుంది. ఎడమ చంకలోని సంచి ఆ గాలిని పట్టి ఉంచుతుంది. మన వీధి భాగవతాల్లో శ్రుతి పట్టే తిత్తి గుర్తుందా? అది శ్రుతికే పరిమితం. ఇందులో శ్రుతి గొట్టాలు మూడు, ట్యూన్ వాయించే గొట్టం ఒకటి, మణికట్టుతో నొక్కితే తోడు స్వరాలు కలిసి పలికే గొట్టాలు ఇంకో మూడు. స్కాట్లాండ్ పైప్స్‌లా నిలబడి కవాతు చేస్తూ వాయించేది కాదు, కూర్చునే వాయించాలి. మోకాలి మీద తోలు ముక్క ఎందుకంటే, గొట్టం చివరను దాని మీద ఆనించి మూస్తే శబ్దం ఠక్కున ఆగుతుంది.

గొట్టాల్లో శబ్దం పుట్టించే పలుచని రెల్లు ముక్కల్ని రీడ్లు అంటారు, వాటికి వాతావరణం మారితే పడదు. మధ్యలో ఐదు నిమిషాలు శ్రుతి సరిచేసుకుంటుంటే ఓపిక పట్టండి. పైపర్ కావాలంటే ఏడేళ్లు నేర్చుకోవాలి, ఏడేళ్లు సాధన చెయ్యాలి, ఏడేళ్లు వాయించాలి అని సామెత. యునెస్కో 2017లో ఈ కళని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

డప్పులాంటిది నిలువుగా పట్టుకుని పుల్లతో కొడుతున్నారు, అది?

బౌరాన్. మేక చర్మం, చెక్క చట్రం. కుడిచేత్తో పుల్ల ఆడుతుంటే ఎడమచెయ్యి వెనక నుంచి చర్మాన్ని నొక్కుతూ నాదం పెంచి దించుతుంది. దూరం నుంచి ఆ ఎడమచెయ్యి కనబడదు, అసలు పనితనమంతా అక్కడే ఉంది. మన డప్పుని మంట దగ్గర కాచి బిగిస్తారు కదా, దీనికి చాలాసార్లు తిరకాసు: జనంతో గది వేడెక్కితే చర్మం బిగుసుకుపోతుంది, అప్పుడు నీళ్లు చల్లి తడుపుతారు, కంజిరకి చేసినట్టు.

ఆవిడ పాడుతుంటే వాద్యాలన్నీ ఎందుకు ఆపేశారు?

అది షాన్‌నోస్, అంటే 'పాత పద్ధతి'. ఐరిష్ భాషలో, ఏ వాద్యం తోడు లేకుండా, తాళం కట్టుబాటు లేకుండా ఒక్కరే పాడతారు. పద్యం చదివే తీరుకి దగ్గర. మాట ఎంత లాగాలో మాటే నిర్ణయిస్తుంది. చివరి పాదంలో రెండు మాటలు పాడకుండా మామూలుగా పలికేసి ఆపేసేవాళ్లూ ఉన్నారు, పాట లోంచి లేచి మనింటి మనిషైపోయినట్టు. ఆ సమయంలో చిప్స్ ప్యాకెట్ కూడా చప్పుడు చెయ్యకూడదు.

మన గమకాల్లాంటివి వీళ్లకీ ఉన్నాయా?

అలంకారాలున్నాయి, పని వేరు. కట్, రోల్, క్రాన్ అని పేర్లు. మన గమకం స్వరాన్ని ఊపి రాగానికి రూపం ఇస్తుంది. వీళ్ల రోల్ ఒకే స్వరాన్ని పైనుంచీ కిందనుంచీ చిటికెలో తాకి విడగొట్టి లయకి ఊపునిస్తుంది. నోటితో పలికించే అలవాటు కూడా ఉంది, లిల్టింగ్ అంటారు. వాద్యం లేని ఇళ్లలో డాన్సుకి అదే ఆధారం. మన జతులు చెప్పినవాళ్లకి ఒక్క నిమిషంలో చనువైపోతుంది.

కర్ణాటక సంగీతానికీ దీనికీ నిజంగా ఏమైనా సంబంధం ఉందా?

చుట్టరికం అనేంత లేదు. కానీ ముత్తుస్వామి దీక్షితులు అప్పటి మద్రాసులో వినబడిన పాశ్చాత్య బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం కట్టారు. ఆ నోట్టుస్వరాలు ముప్పైకి పైగా ఉన్నాయి, వాటిలో ఒకదానికి మూలం స్కాట్లాండ్ రీల్. ఐర్లాండ్‌కి రీల్ వచ్చిందీ స్కాట్లాండ్ నుంచే. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని మన సంగీతానికి మలిచారు. పెట్టె అదే, పట్టు వేరు: మనవాళ్లు నేల మీద కూర్చుని తలభాగాన్ని పాదం మీద ఆనిస్తారు, వీళ్లు గడ్డం కిందో, పాతవాళ్లయితే ఛాతీ మీదో పెట్టుకుంటారు.

## కచేరీ అయ్యాక పబ్బు సెషన్‌కి వెళ్తే

ముందు బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ఉంది, కూర్చోవచ్చా?

వద్దు. అది వాయించేవాళ్లది, వచ్చే దారిలో ఉండి ఉంటారు. పక్క బల్ల దగ్గర కూర్చుంటే చెవికి ఏమీ తక్కువ కాదు.

వీడియో తీసుకోవచ్చా?

కచేరీ హాల్లో ముందుగానే చెబుతారు, వినండి. సెషన్‌లో అడిగి తియ్యండి. చాలామంది సరేనంటారు, ముఖం మీద ఫ్లాష్ కొడితే మాత్రం ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

మాకు తెలిసిన పాట ఒకటి వాయించమని అడగొచ్చా?

అడక్కపోవడమే మేలు. సినిమాలో విన్న పాట అడిగితే మొహమాటానికి నవ్వుతారు. దానికి బదులు సెట్ అయ్యాక "ఆ రెండో ట్యూన్ ఏంటి?" అని అడిగి చూడండి. దాని పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఆయన ఏ ఊరి మనిషి, అన్నీ చెబుతారు. అప్పుడు ముందున్న గ్లాసు సంగతి కూడా పట్టించుకోరు.

నేను మృదంగం, గిటార్ వాయిస్తాను. కలవొచ్చా?

మొదటి రోజే వద్దు. కొన్ని వారాలు వెళ్లి వినండి, పలకరించండి, ఒకరోజు వాళ్లే అడుగుతారు. తాళవాద్యం ఒక్కటి ఉంటే చాలు, రెండో బౌరాన్ వచ్చి కూర్చుంటే చుట్టూ మొహాలు మాడిపోతాయి. బౌరాన్ వాయించడానికి మంచి పరికరం పెన్‌నైఫ్ అని వీళ్ల జోకు. గిటార్ కూడా ఒకటే నయం, ఇద్దరు రెండు రకాల కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) వేస్తే రసాభాస. కొత్త వాద్యాలంటే పడదని కాదు. 1960ల మధ్యలో జానీ మోయినిహన్ గ్రీకు బుజూకీ తెచ్చినప్పుడు అది పరాయిదే, ఇప్పుడు అది లేని బృందం తక్కువ.

## ఇంటికొచ్చాక

ముందు ఎవరిని వినమంటారు?

చీఫ్టెన్స్‌తో మొదలుపెడితే తేలిక. ఊపు కావాలంటే 1970ల నాటి ప్లాంక్స్టీ, బోథీ బ్యాండ్. రాత్రి ఒంటరిగా వినడానికి ద గ్లోమింగ్. అందులో మార్టిన్ హేస్ ఫిడిల్, డెనిస్ కాహిల్ గిటార్ ఎంత నెమ్మదిగా మొదలై ఎక్కడికి వెళ్తాయో వినాల్సిందే. ఇది డాన్సు సంగీతమే, కూర్చుని వినే సంగీతం కాదు అనుకునేవాళ్లకి ఇదే నా సమాధానం. హార్ప్ ఇష్టమైతే 1738లో చనిపోయిన అంధ హార్పర్ టర్లో ఓ కారలన్ స్వరపరిచినవి వెతకండి.

నేర్చుకోవాలంటే దేంతో మొదలుపెట్టాలి?

డి శ్రుతి టిన్ విజిల్. ఆరు రంధ్రాలు, పది పదిహేను యూరోలు. కోల్టస్ అనే సంస్థ 1951 నుంచి ఉంది, దాని శాఖలు ఊరూరా క్లాసులు నడుపుతాయి, ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. నొటేషన్ చదవడం రాకపోయినా ఇబ్బంది లేదు, గురువు రెండు బార్లు వాయిస్తారు, మీరు తిరిగి వాయిస్తారు. సంగీతం టీచర్ ముందు కూర్చుని చిన్నప్పుడు సరళీ వరసలు పాడినట్టే. కొత్తవాళ్ల కోసం 'స్లో సెషన్' అని మెల్లగా వాయించేవి ఉంటాయి, సిగ్గుపడకుండా వెళ్లండి. పై స్థాయి స్వరాలు కీచుమంటాయి, పక్క ఫ్లాట్ వాళ్లకి ముందే ఒక మాట చెప్పుకోండి.

ట్యూన్ రికార్డు చేసుకున్నాను, పేరు ఎలా కనుక్కోవాలి?

వాయించినవాళ్లనే అడగడం సుఖం. ఒకే ట్యూన్‌కి నాలుగైదు పేర్లుంటాయి, ఒకే పేరుతో వేరువేరు ట్యూన్లుంటాయి, పేరుకీ ట్యూన్‌కీ పొంతన వెతకొద్దు. ఎవరో పెళ్లి, ఎవరిదో ఆవు, ఏదో వంతెన, అంతే. నేను ఆర్నెల్లు వెతికిన ఒక జిగ్ పేరు చివరికి ఒక ఫ్లూట్ ఆయన్ని అడిగితే "గాన్ ఎన్యిమ్" అన్నాడు. ఎంత అందమైన పేరో అనుకుని ఫోన్‌లో రాసుకున్నాను. ఐరిష్‌లో దానర్థం 'పేరు లేదు' అని.